వరుసలు కలిపే పని

నరసరావుపేట చుట్టుపక్కల ఎరువుల కొట్లకు, పురుగుమందుల కొట్లకు లెక్కల ప్రోగ్రాములు రాసిపెట్టడం నా వృత్తి. ఫాక్స్‌ప్రో రోజుల్లో మొదలుపెట్టాను, ఇప్పటికీ ఇదే పని. కొత్త కొట్టుకు వెళ్లిన రోజు కంప్యూటరు జోలికి పోను. "ముందు మీ పుస్తకాలు బయట పెట్టించండి" అని షావుకారు గారిని అడుగుతాను. గల్లాపెట్టె పక్కనున్న చిట్టా, బీరువాలోని ఆవర్జా, బిల్లు పుస్తకాలు, గుమస్తా చొక్కా జేబులో మడతపెట్టుకున్న చీటీలు, అన్నీ బల్ల మీదికి వస్తాయి. ఒక పూటంతా వాటిని తిరగేస్తూ కూర్చుంటాను. ఆ కొట్టు డేటాబేస్‌లో ఏయే టేబుళ్లు ఉండాలో సగం అక్కడే తేలిపోతుంది.

చిట్టా, ఆవర్జా వేరువేరుగా ఉండటం వెనక పెద్ద ఆలోచన ఉంది. చిట్టాలో ఆ రోజు జరిగింది జరిగినట్టు ఒకదాని కింద ఒకటి పడుతుంది. ఆవర్జాలో ఒక్కో ఆసామికి ఒక్కో పుట. పొద్దుపోయాక గుమస్తా చిట్టాలోని పద్దుల్ని ఒక్కొక్కటే ఆవర్జాలోకి ఎక్కిస్తాడు. ఎక్కించేటప్పుడు పద్దు పక్కనే చిట్టా పుట నంబరు చిన్నగా వేస్తాడు. రేపు ఆసామి వచ్చి "ఈ నాలుగు వేలు ఎప్పటివి?" అని అడిగితే, ఆ నంబరు పట్టుకుని నేరుగా ఆ రోజు పుటకు వెళ్లిపోవచ్చు. డేటాబేస్‌లో మేము ఫారిన్ కీ అనే దాని పని సరిగ్గా ఇదే. కంప్యూటరు పేరు కూడా వినని గుమస్తాలు ఈ పద్ధతిని చేతిరాతతో నడుపుకొచ్చారు.

1970లో ఐబీఎం శాన్ హోజే పరిశోధనశాలలో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ రిలేషనల్ మోడల్‌ను లోకం ముందు పెట్టారు. సమాచారమంతా టేబుళ్లలో వరుసలుగా ఉండాలి, ఒక టేబుల్లోని వరుసకూ ఇంకో టేబుల్లోని వరుసకూ ఉన్న సంబంధం వాటిలో రాసిన విలువల ద్వారానే తెలియాలి అన్నది దాని సారం. ఆ కృషికి 1981లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఆయన రిలేషన్ అన్నది టేబుల్‌నే గానీ, టేబుళ్ల మధ్య బంధాన్ని కాదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఇక్కడ పొరబడుతుంటారు. మన తెలుగులో మాత్రం ఒక్క మాటలోనే రెండు అర్థాలూ ఇమిడి ఉన్నాయి. వరుస అంటే బారు, వరుస అంటే బంధుత్వం. పెళ్లి మాటల్లో పెద్దలు ముందు వరుస చూస్తారు, తరవాత వరుస కలుపుతారు. నా పనిలో క్రమం కూడా అదే.

ఏ టేబుల్ పెట్టబోయినా, ముందు నోటుబుక్కులో ఒక వాక్యం తెలుగులో రాసుకుంటాను. "ఈ టేబుల్లో ఒక వరుస అంటే..." అని మొదలుపెట్టి పూర్తి చేస్తాను. "ఒక వరుస అంటే మన దగ్గర ఖాతా ఉన్న ఒక రైతు." "ఒక వరుస అంటే ఒక బిల్లులో ఒక సరుకు." ఆ వాక్యంలో ‘లేదా’ అనే మాట దూరిందంటే టేబుల్ తప్పు. "ఒక వరుస అంటే ఒక రైతు లేదా ఒక కంపెనీ డీలరు" అని రాయాల్సి వచ్చిందా, అవి రెండు టేబుళ్లు. ఈ అలవాటు నాకు చదువుతో రాలేదు, దెబ్బలు తిన్నాక వచ్చింది.

మొదటి దెబ్బ బిల్లు దగ్గరే తగిలింది. తొలిరోజుల్లో బిల్లు మొత్తాన్ని ఒకే వరుసలో పెట్టాను. తేదీ, రైతు పేరు, ఊరు, సరుకు 1, పరిమాణం 1, సరుకు 2, పరిమాణం 2, అలా ఐదు సరుకుల దాకా. బిల్లు పుస్తకంలో ఐదు గీతలే ఉన్నాయి కాబట్టి ఐదు చాలనుకున్నాను. సాగర్ కుడికాలువకు నీళ్లు వదిలారంటే కొట్టు ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. అప్పుడొచ్చే రైతు ఒక్కసారే ఏడెనిమిది రకాలు పట్టుకెళ్తాడు. ఆరో సరుకుకు చోటు లేక గుమస్తా ఐదో గడిలోనే రెండు పేర్లు కలిపి కొట్టేవాడు. నెలాఖరున "పొటాష్ మొత్తం ఎన్ని బస్తాలు పోయింది?" అని షావుకారు గారు అడిగితే, ఐదు కాలమ్‌లు వెతికినా ఆ కలిపి రాసినవి లెక్కలోకి రాలేదు. గోడౌన్లో బస్తాలు ఒకటి చెబుతున్నాయి, కంప్యూటరు ఇంకొకటి చెబుతోంది.

అప్పుడు బిల్లును రెండుగా విడదీశాను. బిల్లు నంబరు, తేదీ, ఎవరికి అన్నవి ఒక టేబుల్లో. ఆ బిల్లులోని సరుకులు, ఒక్కో సరుకుకు ఒక్కో వరుస చొప్పున, ఇంకో టేబుల్లో. రెండింటినీ కలిపేది బిల్లు నంబరు. ఒక సరుకు కొన్నా ఇరవై కొన్నా టేబుల్ మారదు, వరుసలు పెరుగుతాయంతే. పాఠ్యపుస్తకాల్లో దీన్ని ఫస్ట్ నార్మల్ ఫామ్ కింద చెబుతారు.

రెండో దెబ్బ మనుషుల దగ్గర తగిలింది. అది ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది. కోటప్పకొండ నీడన ఉన్న మా ప్రాంతంలో కోటేశ్వరరావు అనే పేరు వీధికొకటి వినిపిస్తుంది. రైతును గుర్తుపట్టడానికి పేరూ ఊరూ కలిపితే చాలనుకుని అదే కీగా పెట్టాను. ఒక ఊళ్లో ఇద్దరు కోటేశ్వరరావులు, ఇంటిపేరు కూడా ఒకటే. ఒకాయన మిర్చి అమ్ముకుని వచ్చి కట్టిన డబ్బు రెండో ఆయన ఖాతాలో జమ పడింది. తరవాతి సీజనుకు మొదటాయన వస్తే "పాత బాకీ అట్లాగే ఉంది గదయ్యా" అని గుమస్తా నలుగురి ముందూ అనేశాడు. ఆయన గొడవ పెట్టుకోలేదు. "కట్టినోణ్ణి కట్టలేదంటే ఎట్లా బాబూ" అని ఒక్క మాట అని, కొట్టు అరుగు మీద కూర్చుండిపోయాడు. రసీదు కోసం మనిషిని ఊరికి పంపారు. అది వచ్చేదాకా ఆయన అక్కణ్ణించి లేవలేదు. తప్పు ఆయనదీ కాదు, గుమస్తాదీ కాదు. టేబుల్ కట్టిన నాది.

ఊళ్లో జనం ఇలాంటి పొరపాటు చేయరు. "చెరువుకట్ట కోటేశ్వరరావు", "మిల్లు దగ్గర కోటేశ్వరరావు" అని వేరు చేసి మాట్లాడతారు. పేరు పిలవడానికే గానీ పోల్చుకోవడానికి చాలదని వాళ్లకు తెలుసు. ఆ తరవాత ప్రతి రైతుకూ ఒక ఖాతా నంబరు ఇచ్చాను. ఆ నంబరుకు సొంత అర్థం ఉండకూడదు. అందులో ఊరి కోడ్ ఇరికించకూడదు, సంవత్సరం ఇరికించకూడదు. అర్థం ఉన్నది ఏదైనా ఒకనాటికి మారుతుంది, కీ మారకూడదు. "ఫోన్ నంబరు పెట్టండి, అందరికీ నోటికి వస్తుంది" అన్నారు కొందరు. తండ్రీకొడుకులు ఒకే ఫోను వాడుతున్న ఇళ్లు ఎన్నో, ఏటా సిమ్ము మార్చేవాళ్లు ఎందరో. ఆధార్ పెట్టమన్నారు ఇంకొందరు. అరువు ఖాతా కోసం ఒక మనిషి ఆధార్ నంబరును ప్రతి బిల్లు మీదా తిప్పడం నాకు న్యాయంగా అనిపించలేదు. ఖాతా నంబరు, పక్కన తండ్రి పేరు, ఇంటి గుర్తు ఉంటే గుమస్తా ఇక పొరబడడు.

2011 నా వృత్తిలో మరచిపోలేని ఏడు. ఆ ఒక్క ఏడులో సరుకుల టేబుల్ నాకు రెండు పాఠాలు చెప్పింది.

ఆ ఏడు మే 13న సుప్రీంకోర్టు దేశమంతటా ఎండోసల్ఫాన్ తయారీని, అమ్మకాన్ని, వాడకాన్ని ఆపేయమని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. పత్తికీ మిర్చికీ విపరీతంగా వాడిన మందు అది. షావుకారు గారు నాకు ఫోన్ చేసి "మన దగ్గర ఎండోసల్ఫాన్ సీసాలు ఎన్నున్నాయో తీసి ఇవ్వు, ఇవాళే పక్కన పెట్టేయాలి" అన్నారు. తీద్దామని కూర్చుంటే నా టేబుల్లో ఆ మాటే లేదు. ఒకే మందును ఒక్కో కంపెనీ ఒక్కో పేరుతో అమ్ముతుంది. రైతు అడిగేది కంపెనీ పెట్టిన పేరుతోనే, గుమస్తా కొట్టేదీ ఆ పేరే. లోపలున్న అసలు రసాయనం పేరు, కొట్లలో ‘టెక్నికల్’ అని పిలిచేది, సీసా మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని నేను ఎక్కడా రాయించలేదు. నేనూ గుమస్తా గోడౌన్లో దుమ్ములో కూర్చుని అట్టపెట్టెలు ఒక్కొక్కటే విప్పి, సీసాలు తిప్పి, లేబుళ్లు చదివాం. ఏ రసాయనం తన కొట్లో ఉందో చెప్పలేని లెక్కల పుస్తకం విషం అమ్మే కొట్టుకు పనికిరాదని ఆ గోడౌన్లోనే అర్థమైంది.

టెక్నికల్‌ను సరుకు టేబుల్లో ఒక కాలమ్‌గా చేర్చేస్తే సరిపోతుందని మొదట అనిపించింది. లేబుళ్లు చదివాక అది చాలదని తేలింది. ఒకే సీసాలో రెండు మందులు కలిసి ఉన్నవి కనిపించాయి. ప్రొఫెనోఫాస్ 40 శాతం, సైపర్‌మెత్రిన్ 4 శాతం కలిపి అమ్మే మందు అలాంటిదే. ఒక టెక్నికల్ ఎన్నో బ్రాండుల్లో ఉంటుంది, ఒక బ్రాండులో ఒకటికి మించిన టెక్నికల్స్ ఉండొచ్చు. ఇలాంటి చోట రెండు టేబుళ్లతో పని కాదు, మధ్యన మూడోది కావాలి. నోటుబుక్కులో దాని వాక్యం ఇలా రాసుకున్నాను: "ఒక వరుస అంటే ఒక బ్రాండులో ఉన్న ఒక టెక్నికల్, దాని శాతం." రెండు కుటుంబాలకు వరుస కలిపే పెద్దమనిషి లాంటిది ఆ టేబుల్. ఇప్పుడు ఏ టెక్నికల్ మీద నిషేధం వచ్చినా ఆ పేరు కొడితే చాలు. ఏ బ్రాండులు, ఏ బ్యాచ్‌లు, ఎన్ని సీసాలు అన్నది తెర మీదికి వస్తుంది.

బ్యాచ్‌లనూ అప్పుడే వేరు చేశాను. బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ సరుకుకు చెందినవి కావు, ఆ సరుకు వచ్చిన ఒక దఫాకు చెందినవి. వాటిని సరుకు వరుసలో పెడితే కొత్త లోడు రాగానే పాత తేదీలు చెరిగిపోతాయి. గడువు తీరిన సీసా కొత్త తేదీ కింద దాక్కుని రైతు చేతికి పోతుంది. ఒక కాలమ్ తప్పు చోట ఉంటే ఒక పొలం దెబ్బతింటుంది.

అదే ఏడు రెండో పాఠం డీఏపీ నేర్పింది. డీఏపీ ధర ఏళ్ల తరబడి కదలకుండా బస్తా ఐదు వందల లోపే ఉండేది. ఆ ధీమాతో నేను బిల్లు వరుసలో ధర రాయించలేదు. ధర సరుకు టేబుల్లో ఒకచోట ఉంది, బిల్లు చూపించేటప్పుడు అక్కణ్ణించి తెచ్చుకుంటే సరి, ఒకే సంగతిని రెండుచోట్ల ఎందుకు రాయాలి అనుకున్నాను. నేర్చుకున్న నియమం అదే మరి. 2010 ఏప్రిల్ 1 నుంచి పోషకాల ఆధారిత సబ్సిడీ విధానం వచ్చింది. సబ్సిడీని ఖాయం చేసి, ధర నిర్ణయాన్ని కంపెనీలకు వదిలారు. రెండేళ్లు తిరక్కుండానే డీఏపీ బస్తా వెయ్యి దాటింది. లోడు వచ్చినప్పుడల్లా మేము ధర మారుస్తున్నాం. మార్చినప్పుడల్లా, మాకు తెలియకుండానే, పాత బిల్లులన్నీ మారిపోతున్నాయి.

ఒకరోజు ఒక రైతు కాగితం బిల్లు పట్టుకుని వచ్చాడు. అందులో డీఏపీ బస్తా ఆరు వందల చిల్లర. తెర మీద అదే బిల్లు నంబరు, అదే తేదీ, అవే బస్తాలు, ధర మాత్రం తొమ్మిది వందల చిల్లర. "ఏందయ్యా ఇది? నా కాయితం ఒకటి చెప్తుంటే నీ మిషను ఇంకోటి చెప్తోందే?" అన్నాడు. కాగితమే నిజం. నేను కట్టిన టేబుల్ ఆ రైతు నెత్తిన లేని అప్పు మోపింది.

ఆ రాత్రి చాలాసేపు దీని గురించే ఆలోచించాను. ఒక సంగతి ఒకచోటే ఉండాలన్న నియమం తప్పు కాదు. నేను రెండు వేరువేరు సంగతుల్ని ఒకటనుకున్నాను, పొరపాటు అక్కడుంది. "డీఏపీ ఇప్పుడు ఎంత?" అన్నది ఒక సంగతి. అది రోజూ మారొచ్చు, దాని చోటు సరుకు టేబుల్. "ఆ రోజు ఈ రైతుకు ఎంతకిచ్చాం?" అన్నది వేరే సంగతి. అది జరిగిపోయింది, ఇక మారదు, దాని చోటు బిల్లు వరుస. అంకె ఒకటే అయినంత మాత్రాన సంగతి ఒకటే కాదు. మన చిట్టా చేసేది ఇదే కదా. రేటు ఎంత మారినా నిన్నటి పుటలో పడిన అంకెను గుమస్తా దిద్దడు. నేను ఆవర్జా పోలికతో టేబుళ్లు కట్టుకుంటూ పోయి చిట్టాను మరిచిపోయాను. పాత బిల్లుల్ని కాగితాల నుంచి చదివి మళ్లీ ఎక్కించడానికి ఒక సీజనంతా పట్టింది. ఆ పనికి నేను డబ్బు తీసుకోలేదు.

అప్పటి నుంచి ప్రతి కాలమ్‌నూ ఒక ప్రశ్న అడుగుతున్నాను. నువ్వు ఇప్పుడున్న సంగతివా, అప్పుడు జరిగిన సంగతివా? ఈ ఒక్క ప్రశ్న తరవాతి రోజుల్లో నన్ను ఎన్నోసార్లు కాపాడింది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. ఒకే బిల్లులో విత్తనాలకు పన్ను లేదు, ఎరువులకు 5 శాతం, పురుగుమందులకు 18 శాతం. పన్ను శాతాల్ని ఏ తేదీ నుంచి అమలో ఆ తేదీతో సహా వేరే టేబుల్లో పెట్టాను, అమ్మిన నాటి శాతాన్ని బిల్లు వరుసలో కూడా రాయించాను. 2025 సెప్టెంబరు 22న సూక్ష్మపోషకాల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు ఒక్క కొత్త వరుస చేర్చాం. పాత బిల్లు ఒక్కటీ కదల్లేదు.

యూరియా బస్తా 2018లో 50 కిలోల నుంచి 45 కిలోలకు మారినప్పుడూ ఇదే ప్రశ్న. సరుకు పేరు పక్కనున్న 50ని కొట్టేసి 45 అని దిద్దమన్నాడు గుమస్తా. దిద్దితే గోడౌన్లో మిగిలిన పాత బస్తాలు ఒక్క నిమిషంలో ఐదేసి కిలోలు తగ్గిపోతాయి, పోయినేటి అమ్మకాల బరువూ తగ్గిపోతుంది. అందుకని 45 కిలోల యూరియాను కొత్త సరుకుగా కొత్త వరుసలో పెట్టాం. పాతది అయిపోయేదాకా రెండూ పక్కపక్కనే నడిచాయి.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. గుంటూరు జిల్లాలో ఉన్న మా నరసరావుపేట పల్నాడు జిల్లాకు కేంద్రమైంది. కొన్ని కొట్లలో రైతు వరుసలోనే జిల్లా పేరు కొట్టి ఉండేది. ఒకచోట గుంటూరు, ఒకచోట జీఎన్‌టీ, ఇంకోచోట గుంటూరు డిస్ట్రిక్ట్. వాటిని ఏరి దిద్దేసరికి వాళ్లకు తల ప్రాణం తోకకొచ్చింది. మేము రైతు వరుసలో ఊరి నంబరు మాత్రమే పెట్టాం. ఊరి వరుసలో మండలం నంబరు, మండలం వరుసలో జిల్లా నంబరు. మారినవి మండలాల వరుసలే. ఒక టీ తాగేంత సేపట్లో అయిపోయింది. పాత బిల్లుల మీద మాత్రం గుంటూరు జిల్లా అని అచ్చయిన చిరునామా అలాగే ఉంచాం. ఆ రోజుకు అదే నిజం కదా.

బాకీని ఏ టేబుల్లోనూ దాచకూడదన్నది నేను గట్టిగా పట్టుకున్న మరో నియమం. రైతు వరుసలో బాకీ అని ఒక కాలమ్ పెట్టి బిల్లు పడినప్పుడల్లా కూడుతూ పోతే, ఏదో ఒక రోజు బిల్లు పడి బాకీ మారకముందే కరెంటు పోతుంది. ఆ తేడా ఎప్పుడు పుట్టిందో ఎవరూ కనిపెట్టలేరు. బిల్లులు కూడి, జమలు తీసేస్తే వచ్చేదే బాకీ. అడిగినప్పుడల్లా లెక్కకట్టి చూపించడం కంప్యూటరుకు బరువేమీ కాదు.

ఇన్ని ముక్కలు చేస్తే గుమస్తా ఎన్ని తెరలు తిప్పాలి అని షావుకార్లు భయపడతారు. విడదీయడం సమాచారం కోసం, మనిషి కోసం కాదు. గుమస్తాకు కనిపించేది ఒక్క తెరే. తన పాత బిల్లు పుస్తకంలో ఏది ఎక్కడుందో, తెర మీదా అది అక్కడే ఉండాలి. సీజనులో రైతు ట్రాక్టరు ఇంజను ఆపకుండానే బిల్లు చేతికి రావాలి. అటుపక్క అది ఐదు టేబుళ్లలోకి వెళ్తుందా ఆరింటిలోకా అన్నది నేను పడాల్సిన శ్రమ.

నా మొదటి ప్రోగ్రాము ఒక ఎరువుల కొట్టుకు ఫాక్స్‌ప్రోలో రాసింది. దాన్ని తీసేసి యాక్సెస్‌లో రాశాను. ఈమధ్య ఆ కొట్టును షావుకారు గారి అబ్బాయి చూసుకుంటున్నాడు. ఫోన్లోనే లెక్కలు కనబడాలని హైదరాబాదులో పనిచేసే ఒక కుర్రాణ్ణి పెట్టుకుని అంతా కొత్తగా రాయించాడు. పాత ప్రోగ్రామును అప్పజెప్పడానికి నేను వెళ్లాను. నేను రాసిన కోడ్‌లో ఒక్క పంక్తి కూడా ఆ కుర్రాడికి పనికిరాలేదు, దానికి నాకు బాధ లేదు. అతను రెండు రోజులు టేబుళ్లు చూసి మూడో రోజు వచ్చి, "అంకుల్, ఈ బ్రాండుకీ టెక్నికల్‌కీ మధ్యన ఉన్న టేబుల్ ఎందుకు? తీసేసి ఒక కాలమ్ చేద్దామా?" అని అడిగాడు.

నేను నోటుబుక్కు తెరిచి ఆ వాక్యం చూపించాను. తరవాత ఇద్దరం గోడౌన్లోకి వెళ్లాం. ప్రొఫెనోఫాస్, సైపర్‌మెత్రిన్ కలిసిన సీసా ఒకటి తీసి అతని చేతిలో పెట్టాను. లేబుల్ మీది చిన్న అక్షరాలు వెలుతురు వైపు తిప్పి చదివాడు. "రెండున్నాయి" అన్నాడు. తిరిగొచ్చి నా టేబుళ్లను ఉన్నవి ఉన్నట్టుగా కొత్త డేటాబేస్‌లోకి దించుకున్నాడు. వెళ్లేటప్పుడు ఆ నోటుబుక్కు కూడా అడిగి తీసుకెళ్లాడు.